పూల్ బల్ల మీద క్యారమ్ ఆడితే ఎలా?

పోస్టు పొడుగ్గా ఉంది. సగంలో ఆపేసి "బాగా చెప్పారు సార్" అని కామెంట్ పెట్టేవాళ్ళకి ముందే ఒక దండం. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి, వచ్చే సర్వసభ్య సమావేశంలో చెయ్యి ఎత్తాల్సింది మీరే.

క్రీడల ఉపసంఘం పంపిన సర్క్యులర్ అందరికీ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. అందులో పూల్ బల్ల గురించి మూడు తీర్మానాలు. ఉగాది టోర్నమెంటులో "ఉత్తమ షాట్"కి ప్రత్యేక బహుమతి. ప్రతి షాట్‌కీ ఇరవై సెకన్ల గడువు. శనివారం పొద్దున ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇచ్చిన రెండు గంటలు రద్దు, ఎందుకంటే "వాళ్ళతో ఆట సాగదు". ఆదివారాలు ఆ బల్ల మీద బట్ట దులిపి, చాక్ పొడి తుడిచి, బంతులు కడిగి పెట్టే అయిదుగురం ఈ మూడింటినీ వ్యతిరేకిస్తున్నాం. ఉపసంఘంలో ఉన్నవాళ్ళు మాకు కావలసినవాళ్ళే. ఒకరి ఇంటి గృహప్రవేశానికి మొన్న వెళ్ళి భోంచేసి వచ్చాం కూడా. కానీ ఈ మూడూ ఒకే చోటి నుంచి పుట్టాయి. పూల్ అంటే బంతిని పాకెట్లో వెయ్యడం, అంతే అన్న అభిప్రాయం నుంచి.

ఆ అభిప్రాయం మన వాళ్ళకి ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. బెంగళూరులో మన ఇళ్ళల్లో మూడు తరాలుగా ఉన్నది క్యారమ్ బోర్డు. ఎండాకాలం సెలవుల్లో బోరిక్ పౌడర్ చల్లుకుని ఆడిన చేతులే ఇవాళ క్యూ పట్టుకుంటున్నాయి. క్యారమ్‌లో కాయ పడిందా, స్ట్రైకర్ మళ్ళీ మన చేతికి వస్తుంది. గీత మీద మనకి నచ్చిన చోట పెట్టుకుంటాం. పోయినసారి అది ఎక్కడికి దొర్లిపోయిందన్నది పెద్ద లెక్క కాదు. (గొప్ప క్యారమ్ ఆటగాళ్ళు తర్వాతి కాయలు ఎక్కడ ఉండాలో చూసుకునే కొడతారు, కాదనం. మనం చెప్పేది వీధి అరుగుల క్యారమ్ గురించి.) పూల్‌లో తెల్ల బంతిని ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు. అది ఎక్కడ ఆగితే అక్కడి నుంచే తర్వాతి దెబ్బ. అంటే ప్రతి షాట్‌లోనూ రెండు పనులున్నాయి: రంగు బంతిని లోపలికి పంపడం, తెల్ల బంతిని తర్వాతి బంతికి పనికొచ్చే చోట నిలపడం. మొదటి పనికి హాలంతా చప్పట్లు కొడుతుంది. రెండో పనిని ఎవరూ చూడరు.

టోర్నమెంటులో జరిగేది చూడండి. ఎయిట్ బాల్ ఆటలో ఒక్కొక్కరికి ఏడు బంతులు, ఆఖరున నల్లది, ఎనిమిదో నంబరు. మన కుర్రాళ్ళు మొదటి నాలుగు టపటపా వేసేస్తారు. బల్ల నిండా బంతులున్నప్పుడు ఏదో ఒకటి అందుతూనే ఉంటుంది కనుక తెల్ల బంతి ఎక్కడ ఆగినా ఫరవాలేదు. చివరి మూడు దగ్గరికి వచ్చేసరికి తెల్ల బంతి ఒక మూల, కావలసిన బంతి ఇంకో మూల. అప్పుడు నడుం వంచి, కుషన్ మీద నుంచి క్యూ ఎత్తిపట్టి, ఒక కష్టమైన షాట్. పడితే కేకలు. పడకపోతే "అయ్యో, దురదృష్టం". దురదృష్టం కాదండీ. ఆ కష్టమైన షాట్‌ని రెండు దెబ్బల క్రితం వాళ్ళే తయారు చేసుకున్నారు.

పైగా చివర్లో తప్పితే జరిగే నష్టం మొదట్లో తప్పినట్టు కాదు. నా ఏడు బంతులూ బల్ల మీద ఉన్నంతసేపు ఎదుటివాడి దారికి అవి అడ్డం. ఏడూ వేసేసి ఎనిమిది తప్పామంటే, వాడికి బల్ల అంతా ఊడ్చి ముగ్గేసి ఇచ్చినట్టే. "ఒక్క బంతి తేడాతో ఓడిపోయాడు పాపం" అని మైకులో చెప్తుంటారు. ఆ ఒక్క బంతికి దారి ముందే చూసుకోనివాడు మిగతా ఏడూ వేసి ఎదుటివాడి పని చేసిపెట్టాడు. ముగింపు కనపడనప్పుడు ఒకటి రెండు బంతులు బల్ల మీదే అడ్డంగా ఉంచి, తెల్ల బంతిని ఎదుటివాడికి ఇబ్బందైన చోట వదలడం కూడా ఆటే. మన హాల్లో అలా చేసినవాణ్ణి "భయపడ్డాడు" అంటారు.

మా అమ్మమ్మల వామనగుంటలు గుర్తు తెచ్చుకోండి. గుంటలోంచి చింతపిక్కలు తీసే ముందే ఆవిడ కళ్ళతో చుట్టూ తిరిగి వచ్చేది. ఆఖరి పిక్క ఎక్కడ పడుతుంది, పక్క గుంటలో ఏముంది, అన్నీ చూసుకున్నాకే చెయ్యి కదిలేది. గుప్పెడు పిక్కలు దొరికాయి కదా అని తీసే పిల్లలు ఎప్పుడూ ఓడిపోయేవాళ్ళు. పూల్ చివరి మూడు బంతులకి కావలసిన తెలివి సరిగ్గా అదే. ఇది క్లబ్బుల్లో కోటేసుకున్నవాళ్ళ విద్య అనుకోనక్కర్లేదు, మన ఇళ్ళల్లోదే.

ఇప్పుడు మన బల్ల దగ్గరికే రండి. కిటికీ వైపు నిలబడి తలుపు వైపు చూస్తున్నాం అనుకోండి. నల్ల బంతి తలుపు వైపు కుడి మూల పాకెట్‌కి జానెడు దూరంలో ఉంది. మనకి మిగిలినవి రెండే. అయిదో నంబరు కుడి మధ్య పాకెట్ నోట్లో వేలాడుతోంది, ఊదితే పడేలా. రెండో నంబరు మన కాళ్ళ దగ్గర, కిటికీ వైపు ఎడమ మూల పాకెట్ దగ్గర. తెల్ల బంతి బల్ల మధ్యలో. ఏది ముందు?

పది మందిని అడిగాం. ఎనిమిది మంది "అయిదు" అన్నారు, అది సులువు కనుక. సరే, అయిదు వేశారు. తెల్ల బంతి కుడి మధ్య పాకెట్ దగ్గర మిగిలింది. అక్కడి నుంచి రెండో నంబరుకి బల్లకి అడ్డంగా, ఏటవాలుగా నాలుగడుగుల దెబ్బ. అదీ పడిందనుకుందాం. ఇప్పుడు తెల్ల బంతి కిటికీ వైపు, నల్లది తలుపు వైపు. కోణం బాగానే ఉండొచ్చు, కానీ దాదాపు ఆరడుగుల దూరం. మధ్యలో ఎదుటివాడి బంతులు. తెల్ల బంతి కుషన్‌కి అతుక్కుందంటే క్యూ సరిగ్గా ఆనించడానికి కూడా చోటుండదు. ఆట గెలిపించే దెబ్బని బల్ల మొత్తంలో అతి కష్టమైన దెబ్బగా మార్చుకున్నట్టు.

వెనక నుంచి ఆలోచిద్దాం. నల్ల బంతి ఏ పాకెట్‌కి? తలుపు వైపు కుడి మూలకి. దానికి తెల్ల బంతి ఎక్కడుంటే సుఖం? పాకెట్ నుంచి నల్ల బంతి మీదుగా వెనక్కి గీత గీస్తే అది బల్ల మధ్యకి వస్తుంది. ఆ గీతకి అటూ ఇటూ తాటాకు విసనకర్రలా చోటు విచ్చుకుంటుంది. ఆ విసనకర్ర పరిధిలో ఎక్కడున్నా ఫరవాలేదు. తెల్ల బంతిని అక్కడికి తేలిగ్గా తెచ్చేది ఏ బంతి? మధ్య పాకెట్ నోట్లో ఉన్న అయిదు. దాన్ని మెల్లగా వేసి తెల్ల బంతిని అక్కడే ఆపినా నల్లదానికి దారి ఉంది, కాస్త కోణంతో. ఆపడం కాక ఒక జానెడు వెనక్కి లాగితే ఆ కోణం సుమారు సగానికి తగ్గుతుంది. అంటే అయిదుని ఆఖరుకి దాచుకోవాలి. ముందు రెండు. బల్ల మధ్య నుంచి కొడితే రెండో నంబరు మూలకి పోతుంది, తెల్ల బంతి కిటికీ వైపు కుషన్‌కి తగిలి తిరిగి పైకి వస్తుంది. అది సరిగ్గా ఎక్కడ ఆగాలి? ఇక్కడే ఉంది అసలు అందం: దాదాపు ఎక్కడ ఆగినా సరే. వేలాడుతున్న అయిదుని బల్లలో సగం చోటు నుంచి వెయ్యొచ్చు. సులువైన బంతిని ముందే తినేస్తే ఆ వెసులుబాటు పోతుంది.

ఇంగ్లీషులో దీన్ని కీ బాల్ అంటారు. ఆఖరి బంతి దగ్గరికి తలుపు తీసేది. మన శనివారం పిల్లలు "తాళం బంతి" అంటున్నారు, మేము నేర్పలేదు, వాళ్ళే పెట్టుకున్నారు. ఆ మాట బాగా వాడుకలో ఉన్నది స్ట్రెయిట్ పూల్ అనే పాత అమెరికన్ ఆటలో. అందులో పదిహేను బంతుల్లో పద్నాలుగు వేశాక ఒక్కటి బల్ల మీద వదిలేస్తారు. ఆ పద్నాలుగింటినీ మళ్ళీ పేరుస్తారు. మిగిలిన ఒక్క బంతిని వేస్తూనే ఆ పేర్చిన గుంపుని పగలగొట్టాలి. కనుక పద్నాలుగో బంతి నుంచి పదిహేనోదానికి తెల్ల బంతి సరైన పక్కకి రాకపోతే వరస అక్కడితో సరి. 1954లో ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో విల్లీ మోస్కోనీ ఆ ఆటలో తప్పకుండా వరసగా 526 బంతులు వేశాడు, మన దగ్గరున్నట్టే ఎనిమిదడుగుల బల్ల మీద. ముప్పైసార్లకి పైగా బంతులు పేరుస్తూ పోయారంటే, ముప్పైసార్లకి పైగా తాళం బంతి సరైన చోటే దొరికిందన్నమాట. అలా ఆడినవాడికి "ఉత్తమ షాట్" బహుమతి ఏ షాట్‌కి ఇస్తారు? ప్రతిదీ సులువుగా కనపడేలా చెయ్యడమే అతని విద్య.

అంత దూరం ఎందుకు? మన ఊళ్ళోనే పంకజ్ అద్వానీ ఉన్నాడు. అరవింద్ సవూర్ గారి దగ్గర నేర్చుకుని 2003లో చైనాలో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ గెలిచి, ఆ తర్వాత బిలియర్డ్స్‌లోనూ స్నూకర్‌లోనూ ఎన్నో ప్రపంచ టైటిళ్ళు తెచ్చినవాడు. బిలియర్డ్స్ బల్ల మీద ఉండేవి మూడే బంతులు. వాటితోనే వందలకొద్దీ పాయింట్లు కొడతారు. ఎలా? దెబ్బ అయ్యాక మూడు బంతులూ మళ్ళీ అందుబాటులో ఉండేలా చూసుకుని. వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. పది నిమిషాలు చూడండి, చప్పట్లు కొట్టాలనిపించే దెబ్బ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

కొంచెం లోతుకి వెళ్తాం, మన కుర్రాళ్ళు చదువుతారని. తెల్ల బంతి దొర్లకుండా జారుతూ వెళ్ళి సూటిగా తగిలితే ఉన్నచోటే ఆగిపోతుంది. అలాగే జారుతూ వెళ్ళి పక్కగా తగిలితే, రంగు బంతి వెళ్ళిన దారికి లంబంగా జరుగుతుంది. సహజంగా దొర్లుతూ వెళ్ళి మధ్యస్థంగా తగిలితే, తను వచ్చిన దారి నుంచి సుమారు 30 డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. ఈ మూడూ తెలిస్తే చివరి మూడు బంతుల్లో చాలా భాగం దాటొచ్చు. పక్క స్పిన్ అవసరం చాలా తక్కువ. మన హాల్లో క్యూ పట్టిన మొదటి వారంలోనే స్పిన్ గురించి మాట్లాడతారు, తెల్ల బంతిని ఆపడం మాత్రం ఆరు నెలలైనా రాదు.

ఇంకో భ్రమ: బంతికి సూటిగా వస్తే మంచిదని. ఆఖరి నల్ల బంతికైతే మంచిదే, దాని తర్వాత ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. దానికి ముందు బంతికి సూటిగా వచ్చామంటే ఇరుక్కున్నట్టే. సూటి దెబ్బలో తెల్ల బంతి ఆ ఒక్క గీత మీదే ముందుకో వెనక్కో పోగలదు, పక్కకి రాదు. కావలసింది కొంచెం కోణం, అదీ సరైన వైపు కోణం. తప్పు వైపు జానెడు దగ్గరగా ఉండేకంటే సరైన వైపు రెండు జానలు దూరంగా ఉండడం నయం. విసనకర్ర పోలిక మళ్ళీ తీసుకుంటే, తెల్ల బంతి దాని పొడవునా వస్తే ఎక్కువా తక్కువా దొర్లినా పరిధిలోనే ఉంటుంది. అడ్డంగా కోసుకుంటూ వస్తే ఒక అర సెకను మాత్రమే మంచి చోట ఉండి దాటిపోతుంది.

ఇక బలం సంగతి. దీనికీ శనివారం రద్దుకీ సంబంధం ఉంది. మన దగ్గర బంతిని గట్టిగా కొట్టడం మగతనం అయిపోయింది. మెల్లగా వెళ్ళే బంతి పాకెట్ అంచుకి తగిలినా లోపలికి జారుతుంది, వేగంగా వెళ్ళేది అదే అంచుకి తగిలి బయటికి ఎగురుతుంది. తెల్ల బంతిని ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళకి గట్టిగా కొట్టాల్సిన అవసరం బ్రేక్ దగ్గర తప్ప అరుదుగా వస్తుంది. అంటే అరవై ఏళ్ళ అత్తగారూ పదకొండేళ్ళ మనవరాలూ మీ పాతికేళ్ళ కుర్రాడితో సమానంగా ఆడగలిగిన భాగం ఏదన్నా ఉంటే అది ఆట చివరి భాగమే. శనివారం పొద్దున జరుగుతున్నది అదే. వాళ్ళు నిలబడి, బల్ల చుట్టూ తిరిగి, "ఇది ముందు వేస్తే అది ఎలా?" అని మాట్లాడుకుంటున్నారు. దాన్ని చూసి మీరు "ఆట సాగడం లేదు" అని రాశారు. ఆట అంటే అదేనండీ.

ఒక మాట పక్కన చెప్పాలి. ఆ రెండు గంటల్లో ఆ గదిలో వినపడేది తెలుగు. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో కన్నడ మాట్లాడే పిల్లలు అక్కడ అమ్మమ్మతో "కాస్త జరుగు", "ఇంకొంచెం మెల్లగా", "దాన్ని తర్వాతకి ఉంచు" అంటున్నారు. సంఘం తెలుగు తరగతులకి పిల్లలు రావడం లేదని ప్రతి సమావేశంలో బాధపడతాం. వస్తున్న చోట తలుపు మూస్తామంటే ఏమనాలి? "స్వల్ప అడ్జస్ట్ మాడి" అని ఉపసంఘం వాళ్ళు నవ్వుతూ అన్నారు. ఎప్పుడూ అడ్జస్ట్ అవ్వాల్సింది శనివారం వాళ్ళేనా?

ఇరవై సెకన్ల గడువు గురించి. కారణం మాకు తెలుసు, పోయిన ఏడాది ఫైనల్ రాత్రి పదకొండు దాటింది, వాచ్‌మన్ తిట్టుకున్నాడు. కానీ ఆలస్యం ఎక్కడ జరిగిందో చూశారా? ఆలోచించడం వల్ల కాదు, ఆలోచన లేకపోవడం వల్ల. తెల్ల బంతి చెడ్డ చోట ఆగాక, అప్పుడు మొదలవుతుంది తల గోక్కోవడం, మోకాళ్ళ మీద కూర్చుని చూడడం, చాక్ రాసిందే రాయడం. బ్రేక్ అయ్యాక ఒక్కసారి బల్ల అంతా చూసి, చివరి మూడు బంతులు ఏవో తేల్చుకున్నవాడు తర్వాత చకచకా ఆడుకుపోతాడు. కనుక గడువు పెట్టండి, కాదనం. బ్రేక్ తర్వాతి మొదటి షాట్‌కి ఒక నిమిషం, చివరి మూడు బంతుల దగ్గర ఒకసారి అదనంగా అర నిమిషం, మిగతా షాట్‌లకి మీరన్న ఇరవై కాదు, ముప్పై సెకన్లు. ఫైనల్ తొమ్మిదిన్నరకి అయిపోకపోతే మమ్మల్ని అడగండి.

"ముందు బంతి వెయ్యడం రావాలి కదా, పొజిషన్ తర్వాత" అని ఒక పెద్దాయన అన్నారు. ఇందులో సగం నిజముంది. బంతి పడకపోతే తెల్ల బంతి ఎంత మంచి చోట ఆగినా ఆ చోటు ఎదుటివాడికే. కానీ రెండూ విడివిడిగా నేర్పాలన్న రూలు ఎక్కడుంది? బంతుల్ని పాకెట్ల నోట్లోనే పెట్టండి, పదేళ్ళ పిల్ల కూడా వేస్తుంది. ఇక మిగిలింది తెల్ల బంతిని ఎక్కడ ఆపాలన్నదే. మొదటి రోజు నుంచే అది నేర్చుకుంటుంది. ఆ తర్వాత వారం వారం బంతుల్ని పాకెట్ల నుంచి బెత్తెడు బెత్తెడు దూరం జరపండి. ముందు అయిదేళ్ళు గట్టిగా కొట్టడం నేర్పి, తర్వాత మెల్లగా కొట్టమంటే ఎవరూ వినరు.

"చూసేవాళ్ళకి ఉత్సాహం ఉండొద్దా?" అన్నది ఇంకో వాదన. ఉండాలి. అయితే చివరి మూడు బంతుల దగ్గర ఆటగాడు తన వరస పైకి చెప్పి ఆడాలని పెట్టండి. "రెండు ఇక్కడికి, అయిదు అక్కడికి, నల్లది ఆ మూలకి, తెల్ల బంతి ఇక్కడ ఆపుతాను." చెప్పినట్టు అయిందా లేదా అని హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఇప్పుడు అయితే గుడ్డిగా బాదిన బంతి మూడు కుషన్లు తిరిగి పడినదానికి ఈలలు వేస్తున్నారు.

కాబట్టి సమావేశంలో మేము పెట్టబోయే సవరణ ఇది. "ఉత్తమ షాట్" బహుమతి డబ్బుతో "మూడు బంతుల పోటీ" పెట్టాలి. రెండు రంగు బంతులు, ఒక నల్లది, తెల్ల బంతి చేతిలో. అందరికీ ఒకే అమరిక, పది అమరికలు, వరస ముందే చెప్పాలి. వయసు, ఆడ, మగ విభాగాలు లేవు. గడువు పైన చెప్పినట్టు. శనివారం రెండు గంటలు యథాతథంగా. కొత్త లైట్లకీ, సర్క్యులర్ చివర రాసిన ఆ ఖరీదైన బ్రేక్ క్యూకీ ఇప్పుడే డబ్బు అక్కర్లేదు. దాంట్లో కొంత బల్ల బట్ట మార్చడానికి ఇవ్వండి, కిటికీ వైపు ఎడమ మూలలో అది అరిగిపోయి మెల్లగా వెళ్ళే బంతి పక్కకి లాగుతోంది.

నమ్మకం లేనివాళ్ళు ఈ ఆదివారం పది గంటలకి హాలుకి రండి. పైన చెప్పిన అమరిక బల్ల మీద పెట్టి ఉంచుతాం, బంతుల చోట్లు సుద్దతో గుర్తు పెడతాం. ఉపసంఘం సభ్యులకి మొదటి అవకాశం. రెండు ముందు వేస్తారో అయిదు ముందు వేస్తారో మీ ఇష్టం, ఒక్కొక్కరికి అయిదు ప్రయత్నాలు. కాఫీ మా ఖర్చు.